తగవు తగువైన కథ

చిత్తూరు వైపు పల్లెల్లో పొలం గట్టు దగ్గర ఇద్దరు మాటా మాటా అనుకుంటే, పెద్దమనుషులు కూర్చుని ‘తగువు తీర్చారు’ అంటాం. తగువంటే పోట్లాట అని చిన్నపిల్లలైనా చెబుతారు. మాట పుట్టుక చూస్తే మాత్రం అందులో పోట్లాటకు చోటే లేదు. ‘తగు’ అనే ధాతువు నుంచి పుట్టింది తగవు. తగిన మాట, తగిన సంబంధం అంటున్నప్పుడు వినపడేది ఆ ధాతువే. కాబట్టి తగవు మొదట ఉచితమైనది, న్యాయమైనది. పాత కావ్యాల్లో అది ధర్మం పక్కన పీట వేసుకుని కూర్చునే మాట. న్యాయం చెప్పేవాడు తగవరి. న్యాయం, జగడం అనే రెండర్థాలనూ నిఘంటువులు ఈ ఒక్క మాట కిందే ఇస్తాయి. జగడాన్ని తీర్చేదాని పేరు జగడానికే ఎలా అంటుకుంది?

తగాదాలోంచి తగవు వచ్చిందేమో అని కొందరికి అనిపించవచ్చు. రెండూ ఒకేలా వినపడతాయి, అంతకుమించి చుట్టరికం లేదు. తగాదా అరబ్బీ మాట, పారశీకం మీదుగా మన దాకా వచ్చింది. దాని అసలు అర్థం అప్పు తీర్చమని వెంటపడడం. మరాఠీలో ఇప్పటికీ అదే అర్థం. తగవు దేశి మాట అనడానికి సాక్ష్యం కోసం దూరం పోనక్కర్లేదు, నగరి దాటితే చాలు. 1960 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉన్న తిరుత్తణి తమిళంలో ‘తగవు’ అంటే నేటికీ యోగ్యత, అర్హత. తిరుక్కురళ్‌లో ఈ మాట కనిపించే అధికారం పేరు ‘నడువు నిలైమై’, అంటే నడుమ నిలబడడం, మన మధ్యస్థం. జగడానికి తమిళులు ‘తగరారు’ అనే అరువు మాట వాడుకున్నారు. వాళ్ల తగవుకు మరక అంటలేదు.

మన దగ్గర జారిన మాట తగవు ఒక్కటే కాదు. సంస్కృతంలో రథ్య అంటే వీధి. అది ప్రాకృతంలో రచ్ఛా అయి, తెలుగులో నలుగురూ చేరి ఊరి సంగతులు తేల్చుకునే రచ్చ అయింది. ‘ఇంట గెలిచి రచ్చ గెలువు’ అన్న సామెతలో రచ్చ అంటే సభే. ఈ కాలం కుర్రాళ్లు ‘రచ్చ రచ్చ చేశారు’ అంటే అర్థం వేరే చెప్పాలా? అయిదుగురు పెద్దల పేరు మీద ఏర్పడిన పంచాయితీ కూడా ‘మనకెందుకా పంచాయితీ’ దాకా దిగింది. కాలం చెడిపోయి మాటలూ చెడ్డాయనడం తేలిక. అదే కారణమైతే తీర్పు, రాజీ, ప్రమాణం కూడా చెడాలి కదా! తీర్పులో ఉన్నది ‘తీరు’, అంటే ముగియడం; అప్పు తీరినట్టు, దాహం తీరినట్టు. రాజీ అంటే అరబ్బీలో సమ్మతించినవాడు. కాణిపాకం వినాయకుడి ముందు చేసిన ప్రమాణంతో వాదన ఆగిపోతుందని ఈ ప్రాంతపు నమ్మకం. ఈ మూడూ జగడపు ముగింపుకు పేర్లు. రచ్చ, పంచాయితీ అలా కాదు. ఇరుపక్షాలూ నిలబడి అరుచుకునే చోటుకీ, ఆ తతంగానికీ అవి పేర్లు. తగవు కోసం వెళ్లినవాళ్ల చెవిన మొదట పడేదీ అరుపులే, తీర్పు చివరెక్కడో వస్తుంది. జనం విన్నదానికే పేరు పెట్టారని నా అభిప్రాయం.

మధ్యస్థమూ తతంగమే కదా, అది జారలేదేమని అడగవచ్చు. అది గుంపుకు పేరు కాదు, నడుమ నిలిచిన ఒక మనిషి పనికి పేరు. రచ్చబండ సంగతి ఇంకా ఆసక్తికరం. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి 2009 సెప్టెంబరు 2న హెలికాప్టర్ ఎక్కింది చిత్తూరు జిల్లాలో ‘రచ్చబండ’ ప్రారంభించడానికే. నల్లమలలో ఆ హెలికాప్టర్ కూలింది. ప్రభుత్వ కార్యక్రమానికి ఆ పేరు పెడితే ఎవరికీ గొడవ గుర్తుకు రాలేదు. విడి రచ్చ వీధిన పడినా, బండ మీద కూర్చున్న రచ్చ పెద్దరికం నిలుపుకుంది. తగవుకు అలాంటి బండ దొరకలేదు. దాని పాత అర్థం ఇప్పుడు బతికి ఉన్నది ఒక మందలింపులో. ‘ఇది నీకు తగదు’ అని ఎవరైనా అంటే, ఆ మాట్లాడేది పాత తగవే.