ఇంజిన్ మార్చడం తేలికే... అతుకులే కష్టం!

పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు, జపాన్ రోటరీ ఇంజిన్... మెకానికల్ విద్యార్థులకు ఈ జోడీ నేర్పే పాఠాలు

‘మీ ఫైనలియర్ ప్రాజెక్టు గురించి చెప్పండి.’ కోర్ కంపెనీల ఇంటర్వ్యూల్లో ఈ మాట వినిపించకపోవడం అరుదు. ప్రాజెక్టు పేరు, అబ్‌స్ట్రాక్ట్ అందరూ గడగడా చెప్పేస్తారు. చిక్కంతా తర్వాతి ప్రశ్నతోనే. ‘ఈ కొలతే ఎందుకు తీసుకున్నారు? వేరేది తీసుకుంటే ఏమయ్యేది?’ అమీర్‌పేటలో రెడీమేడ్‌గా కొన్న ప్రాజెక్టులో దీనికి జవాబు దొరకదు. రికార్డు మాత్రమే కొన్నారు కాబట్టి, దాని వెనకున్న ఆలోచన మీ దగ్గర ఉండదు.

ఆ ‘ఎందుకు’కి జవాబు ఎలా తయారవుతుందో చూడాలంటే ఓ మంచి ఉదాహరణ ఉంది. బ్రిటన్, అమెరికాల్లో కొందరు ఔత్సాహికులు పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లలో మజ్దా రోటరీ ఇంజిన్ బిగిస్తుంటారు. చూడ్డానికి సరదా పనే. కానీ మీరు నాలుగేళ్లు చదివిన సబ్జెక్టులన్నీ అందులో ఒక్కచోట కనిపిస్తాయి.

కారు ఏది? ఇంజిన్ ఏది?

మన రోడ్ల మీద ఎంజీ హెక్టర్‌ను చూసే ఉంటారు. ఎంజీ అంటే మోరిస్ గ్యారేజెస్. ఆ పేరుతో ఇంగ్లండ్‌లోని అబింగ్డన్ ఫ్యాక్టరీలో 1962 నుంచి 1980 వరకు ‘ఎంజీబీ’ అనే స్పోర్ట్స్ కారు తయారైంది. ఐదు లక్షలకు పైగా అమ్ముడుపోయింది. దాని ఇంజిన్ 1798 సీసీ, నాలుగు సిలిండర్లు, పోత ఇనుప బ్లాకు. గట్టిదే కానీ బరువు. పైగా 1970ల్లో అమెరికా కాలుష్య నిబంధనల కోసం మార్పులు చేయడంతో, ఆ దేశానికి వెళ్లిన కార్లలో శక్తి సుమారు 62 హార్స్‌పవర్‌కు పడిపోయింది.

అదే కాలంలో, 1978లో, మజ్దా ఆర్ఎక్స్-7 కారును విడుదల చేసింది. అందులోని ‘12ఏ’ రోటరీ ఇంజిన్ కేవలం 1146 సీసీ. అమెరికాలో అమ్మిన మోడల్‌లో అది 100 హార్స్‌పవర్ ఇచ్చేది. చిన్నది, పొట్టిది, శక్తి ఎక్కువ. బక్కచిక్కిన ఎంజీబీకి దీన్ని తగిలిస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన అక్కడి నుంచే వచ్చింది.

పిస్టన్ లేని ఇంజిన్

జర్మన్ ఇంజినీరు ఫెలిక్స్ వాంకెల్ ఆలోచనతో ఎన్ఎస్‌యూ కంపెనీలో 1957లో తొలి రోటరీ ఇంజిన్ నడిచింది. ఇందులో పిస్టన్, కనెక్టింగ్ రాడ్, వాల్వులు ఉండవు. నడుము దగ్గర కాస్త నొక్కినట్టున్న కోడిగుడ్డు ఆకారపు గదిలో, పక్కలు ఉబ్బిన త్రిభుజం లాంటి రోటర్ తిరుగుతుంది. గాలి-పెట్రోలు పీల్చడం, నొక్కడం, మండించడం, పొగ వదలడం... ఈ నాలుగూ ఆ గదిలో వేర్వేరు చోట్ల జరుగుతాయి. రోటర్ ఒక్కసారి తిరిగేలోపు మధ్యలోని ఎక్సెంట్రిక్ షాఫ్ట్ మూడుసార్లు తిరుగుతుంది.

కష్టం ఎక్కడంటే త్రిభుజం మూడు కొనల దగ్గర. అక్కడ గ్యాస్ లీకవకుండా ఉండే సీళ్లు గది గోడ మీద గీతలు పెట్టేసేవి. మజ్దాలో కెనిచి యమమోతో నాయకత్వంలో 47 మంది ఇంజినీర్ల బృందం దీని మీదే ఏళ్ల తరబడి కుస్తీ పట్టింది. ఆ గీతలకు వాళ్లు ‘దెయ్యం గోళ్ల గాట్లు’ అని పేరు పెట్టారు. చివరికి అల్యూమినియం చేర్చిన కార్బన్ సీళ్లతో సమస్య ఓ కొలిక్కి వచ్చి, 1967లో కాస్మో స్పోర్ట్ కారు మార్కెట్లోకి వచ్చింది.

అసలు పని అతుకుల దగ్గరే

పాత ఇంజిన్ దించడం, కొత్తది ఎక్కించడం... క్రేన్, స్పానర్లు ఉంటే అయిపోయే పని. రెండు వేర్వేరు దేశాల్లో, వేర్వేరు డిజైనర్లు గీసిన వస్తువులు కలిసే ప్రతి చోటా ఒక అతుకు ఉంటుంది. నెలల తరబడి కూర్చోబెట్టేది అదే. కొలతలు తీయకుండా ముందే ఇంజిన్ కొనేయడమంటే, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే. ఒక్కో అతుకూ చూద్దాం.

మౌంటింగ్: రోటరీ పొట్టిది కాబట్టి వెనక్కి జరిపి కూర్చోబెట్టొచ్చు. అలా చేస్తే ముందు చక్రాల మీద భారం తగ్గి, మలుపుల్లో కారు చురుగ్గా ఉంటుంది. కానీ వెనక్కి జరిపేకొద్దీ గేర్‌బాక్స్ కూడా వెనక్కి పోతుంది. గేర్ లివర్ చేతికి అందే చోట పైకి వస్తుందా? ఫ్లోర్ కోయాలా? మోనోకాక్ బాడీ కాబట్టి కోసిన చోట బలం తగ్గుతుంది. ఒక అంగుళం నిర్ణయం మూడు చోట్ల ప్రభావం చూపిస్తుంది.

డ్రైవ్‌లైన్: మజ్దా గేర్‌బాక్స్ స్ప్లైన్ ఒకటి, ఎంజీ వెనక యాక్సిల్ ఫ్లాంజ్ మరొకటి. మధ్యలో ప్రొపెల్లర్ షాఫ్ట్ కొత్తగా చేయించాలి. పొడవు సరిపోతే చాలదు. బ్యాలెన్స్ చేయించాలి, కీళ్ల కోణాలు చూసుకోవాలి. లేకపోతే వేగం పెరిగేకొద్దీ కారంతా వణుకుతుంది.

గేర్ నిష్పత్తి: ఇక్కడ చేతి లెక్క వేసి చూడండి. ఎంజీబీ వెనక యాక్సిల్ నిష్పత్తి 3.909. తొలి ఆర్ఎక్స్-7ది కూడా 3.909. ఎంజీబీ చక్రం ఒక్క చుట్టుకు రమారమి 1.9 మీటర్లు పోతుంది. గంటకు 100 కిలోమీటర్లంటే నిమిషానికి 1667 మీటర్లు, అంటే దాదాపు 877 చుట్లు. దాన్ని 3.909తో గుణిస్తే నాలుగో గేరులో ఇంజిన్ వేగం సుమారు 3400 ఆర్‌పీఎం. మజ్దా ఐదో గేరు నిష్పత్తి 0.825తో గుణిస్తే సుమారు 2800. అంటే వెనక యాక్సిల్ నిష్పత్తి మార్చకుండానే నడుస్తుంది. ఖర్చు మిగిల్చింది ఒక గుణకారం.

వేడి: రోటరీ ఇంజిన్ పొగ మామూలు ఇంజిన్ కంటే బాగా వేడి. రోటర్లను లోపల చల్లబరిచేది ఆయిలే. అందుకే పెద్ద రేడియేటర్‌తో పాటు ఆయిల్ కూలర్ తప్పనిసరి. పాత సైలెన్సర్ ఆ వేడికి ఎక్కువ రోజులు నిలవదు. పైగా ఈ ఇంజిన్ సీళ్ల కోసం కొద్దిగా ఆయిల్‌ను కావాలనే కాలుస్తుంది. ఆ ఆయిల్ పంపే పంపును పీకేస్తే, పెట్రోల్లోనే ఆయిల్ కలపాలి. అదీ మరిచిపోతే ఇంజిన్ చేతికొస్తుంది.

కరెంటు: 1967 వరకు వచ్చిన ఎంజీబీల్లో బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్‌ను బాడీకి కలిపేవారు. జపాన్ ఇంజిన్‌లో నెగెటివ్‌ను కలుపుతారు. చూసుకోకుండా వైరు తగిలిస్తే ఎలక్ట్రానిక్స్ కాలిపోతాయి. ఒక చిన్న ఊరట కూడా ఉంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో షాఫ్ట్ ఒక చుట్టుకు రెండు మంటలు. రెండు రోటర్ల ఇంజిన్‌లోనూ రెండే. అందుకే ఆర్‌పీఎం మీటరు సిగ్నల్ లెక్క మారదు.

బ్రేకులు: శక్తి పెంచామంటే ఆపే బలమూ పెంచాలి. అరవై హార్స్‌పవర్ కారుకు సరిపోయిన బ్రేకులు వందకు సరిపోతాయో లేదో లెక్క వేశాకే రోడ్డెక్కాలి.

చట్టమూ ఒక అతుకే

బ్రిటన్‌లో ఇంజిన్ మారిస్తే రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదు చేయించాలి. 40 ఏళ్లు దాటిన కార్లకు అక్కడ వార్షిక తనిఖీ నుంచి మినహాయింపు ఉంది. ఇలాంటి పెద్ద మార్పు చేస్తే అది పోయే అవకాశముంది. కాలిఫోర్నియాలో 1976, ఆ తర్వాతి పెట్రోలు కార్లకు పొగ పరీక్ష ఉంది. అందుకే అక్కడ కారు ఏ ఏడాదిదన్నదే మొదటి ప్రశ్న.

మన దేశంలో దారి ఇంకా ఇరుకు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఇలాంటి మార్పులను కట్టడి చేస్తుంది. తయారీదారు స్పెసిఫికేషన్లకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. కాబట్టి నాన్నగారి కారు మీద ప్రయోగాలు వద్దు. బాహా ఎస్ఏఈ ఇండియా, సుప్రా ఎస్ఏఈ ఇండియా, ఫార్ములా భారత్ లాంటి విద్యార్థి పోటీలు ఉన్నాయి. ఫార్ములా తరహా పోటీల్లో చాలా జట్లు చేసేది బైక్ ఇంజిన్‌ను తాము తయారుచేసిన ఫ్రేములో కూర్చోబెట్టడమే. మౌంటింగ్, కూలింగ్, వైరింగ్... అవే అతుకులు, చట్టబద్ధమైన మైదానంలో.

ఉద్యోగాలకు దీంతో ఏం సంబంధం?

కంపెనీల్లో ఈ అతుకులే ఉద్యోగాల పేర్లు. ఇంజిన్ ఎక్కడ పడుతుందో క్యాడ్‌లో చూసేవారు ప్యాకేజింగ్ ఇంజినీర్లు. వేడి సంగతి చూసేది థర్మల్ టీమ్. వణుకు, చప్పుడు ఎన్‌వీహెచ్ టీమ్ పని. నిబంధనలు చూసేది హోమోలొగేషన్ విభాగం. విద్యుత్ వాహనాలొచ్చినా ఈ పనులు పోవు. జాగ్వార్ 2017లో తన పాత ఈ-టైప్ కారును మోటారు, బ్యాటరీలతో ‘ఈ-టైప్ జీరో’గా మార్చి చూపించింది. అక్కడా ప్రశ్నలవే: బరువు ఎక్కడ? వేడి ఎటు? బ్రేకులు చాలతాయా? రోటరీ ఇంజిన్ కూడా మాయమైపోలేదు. మజ్దా 2023లో ఎంఎక్స్-30 కారులో చక్రాలు తిప్పడానికి కాకుండా, కరెంటు పుట్టించడానికి దాన్ని మళ్లీ తెచ్చింది.

ఇలా మొదలుపెట్టండి

• మీ ప్రాజెక్టులో ఏవేవి ఎక్కడెక్కడ కలుస్తున్నాయో ఒక పేజీలో జాబితా రాయండి. ఒక్కో అతుకుకు కొలత, కారణం, విఫలమైతే ఏమవుతుంది అన్న మూడు గడులు చాలు.

• సాఫ్ట్‌వేర్ తెరిచే ముందు చేత్తో లెక్క వేయండి. రెండు జవాబులూ పొంతన లేకపోతే ఎందుకో వెతకండి.

• కాలేజీ వర్క్‌షాపులో మూలనపడ్డ ఇంజిన్ ఉంటే అనుమతి తీసుకుని విప్పండి, కొలవండి, బొమ్మ గీయండి. మీ ఊరి మెకానిక్ దగ్గర కొన్ని శనివారాలు నిలబడినా మంచిదే.

• పని చేయని ప్రయత్నాలను కూడా తేదీలతో నోటు పుస్తకంలో రాసుకోండి. ‘వేరేది తీసుకుంటే ఏమయ్యేది’ అన్న ప్రశ్నకు జవాబు ఆ పేజీల్లోనే ఉంటుంది.

ప్రాజెక్టు పెద్దదా, చిన్నదా అన్నది పక్కన పెట్టండి. ఒక బ్రాకెట్టే చేసినా సరే, దాని మందం అంతే ఎందుకో చెప్పగలిగితే ఇంటర్వ్యూ చేసేవారు కుర్చీ ముందుకు జరుపుకుని వింటారు.