కీసర టోల్ గేటు వెనక పెట్టె

విజయవాడ–హైదరాబాద్ రహదారి మీద కంచికచర్లకూ నందిగామకూ మధ్య మునేటి ఒడ్డు ఊరు కీసర. ఆ దారిన హైదరాబాద్ వెళ్లే బెజవాడ బండి అక్కడి టోల్ ప్లాజా దాటాల్సిందే. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక చిల్లర బేరాలు తగ్గాయి. రీడరు ట్యాగు చదువుతుంది, కెమెరా ఫొటో తీస్తుంది, గేటు లేస్తుంది. ఇలాంటి చోట్ల రీడర్లు, కెమెరాలు, బూత్ కంప్యూటర్లు, కంట్రోల్ రూము సర్వరు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది ఈథర్నెట్ స్విచ్ ద్వారానే.

1973లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధనశాలలో బాబ్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ ఈథర్నెట్‌కు ప్రాణం పోసినప్పుడు ఈ పెట్టె లేదు. కంప్యూటర్లన్నిటికీ ఒకటే కేబుల్. రెండు ఒకేసారి పంపితే సందేశాలు ఢీకొని పాడయ్యేవి. ఎవరికి వారు కాసేపు ఆగి మళ్లీ పంపుకోవాలి. యంత్రాలు పెరిగేకొద్దీ ఆగడమే ఎక్కువయ్యేది.

1990 నాటికి సిలికాన్ వ్యాలీలో వినోద్ భరద్వాజ్, లారీ బ్లెయిర్‌ల కంపెనీ ఏడు పోర్టుల స్విచ్ తెచ్చింది. భరద్వాజ్ భార్య పేరే కంపెనీ పేరు: కల్పన. 1994లో సిస్కో దాన్ని కొనేసింది.

ప్రతి యంత్రానికీ 48 బిట్ల మ్యాక్ చిరునామా ఉంటుంది. సందేశాన్ని మోసే పొట్లం, అంటే ఫ్రేము, రాగానే స్విచ్ పంపినవారి చిరునామా చూసి, ఏ పోర్టులోంచి వచ్చిందో పట్టికలో రాసుకుంటుంది. గమ్యం పట్టికలో ఉంటే ఆ ఒక్క పోర్టుకే పంపుతుంది. లేకపోతే వచ్చిన పోర్టు తప్ప అన్నిటికీ పంపుతుంది. జవాబు రాగానే ఆ చిరునామా కూడా తెలిసిపోతుంది. ఎవరూ నేర్పనక్కర్లేదు. స్విచ్ మరుపు చూస్తే నాకు ఇంకా ముచ్చటేస్తుంది. మామూలుగా 300 సెకన్లు అలికిడి లేని చిరునామాను కొట్టేస్తుంది. అందుకే తీసేసిన కెమెరా గురించిన పాత కబురు పట్టుకుని వేలాడదు.

కెమెరాలన్నీ ఒక్క సర్వరు మీదే పడితే స్విచ్ ఫ్రేములను మెమరీలో వరసలో నిలబెడుతుంది. మెమరీ నిండితే వచ్చినదాన్ని వచ్చినట్టే పారేస్తుంది. అందిందో లేదో చూసుకునే టీసీపీ పద్ధతి మీద నడిచేవైతే పంపినవాళ్లే మళ్లీ పంపుతారు. సంక్రాంతికి కీసరలో బారులు తీరిన కార్లను అలా పారేయడం కుదరదు!

అసలు గండం వేరు. రెండు స్విచ్‌ల మధ్య రెండు తీగలు వేస్తే, అందరికీ పంపే ఫ్రేము చుట్టూ తిరుగుతూ పెరిగిపోయి నెట్‌వర్క్‌నే ముంచేస్తుంది. 1985లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీలో రాడియా పర్ల్‌మన్ దీనికి విరుగుడు కనిపెట్టారు, స్పానింగ్ ట్రీ. అదనపు దారిని అది మూసి ఉంచుతుంది. మొదటి తీగ తెగితే తెరుస్తుంది. మొదట్లో అందుకు 50 సెకన్ల దాకా పట్టేది. 2001 నాటి రాపిడ్ స్పానింగ్ ట్రీ ఆ పనిని కొద్ది సెకన్లలోపే కానిచ్చేస్తుంది.