రీలు అడగని ప్రశ్నలు

ఇంటర్ రెండో సంవత్సరం చదివే మా చీమకుర్తి అమ్మాయి ఒకరోజు ఫోన్ నా చేతిలో పెట్టింది. అర నిమిషం రీలు. నిద్ర పట్టకపోవడం, నీరసం, చదువు మీద మనసు నిలవకపోవడం, ఇలా ఐదు లక్షణాలు చెప్పి, ఇవుంటే డిప్రెషన్ ఖాయమని తేల్చేసింది. కింద లింకు నొక్కితే డబ్బు కట్టే కోర్సు. "నాకు ఐదూ ఉన్నాయి మేడమ్" అంది.

నీకేం లేదులే అనలేదు నేను. అదీ రీలంత తొందరపాటు మాటే.

"మీ నాన్న మిరప విత్తనాలు ఎట్లా కొంటాడమ్మా?" అనడిగాను. ప్యాకెట్ మీద కంపెనీ, లాట్ నంబరు, పరీక్షించిన తేదీ, మొలక శాతం చూస్తాడట. బిల్లు లేనిదే తీసుకోడట. నకిలీ విత్తనంతో పంట పోతే ఏమవుతుందో తెలిసిన ఇల్లు. రీలునూ అట్లాగే చూడమన్నాను. చెప్పేదెవరు? సైకియాట్రిస్టయితే మెడికల్ కౌన్సిల్లో, క్లినికల్ సైకాలజిస్టయితే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి. చివర్లో ఏమైనా అమ్ముతున్నారా? ఎంతమంది చూశారన్నది లెక్కలోకి రాదు. ధ్యాస నిలవని ఏడీహెచ్‌డీ సమస్య మీద టిక్‌టాక్‌లో బాగా ఆడిన 100 వీడియోలను కెనడా పరిశోధకులు పరిశీలించి 2022లో ప్రచురించారు. 52 తప్పుదోవ పట్టించేవే.

డిప్రెషన్‌ను అంచనా వేయడానికి డాక్టర్లు వాడే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నలూ నెట్లో దొరుకుతాయి. అవి గడిచిన రెండు వారాల సంగతి అడుగుతాయి, నిన్న రాత్రిది కాదు. మొత్తం 27 మార్కులకు 10 వచ్చినా, దాటినా డాక్టరుకు చూపించుకోవాలి. అంతేగానీ జబ్బు ఖరారైనట్టు కాదు. రక్తం తక్కువైనా, థైరాయిడ్ ఉన్నా నీరసం వస్తుంది. ఒక్క తొమ్మిదో ప్రశ్న వేరు. చచ్చిపోతే బాగుండన్న ఆలోచన వస్తోందా అని అడుగుతుంది. దానికి అవునంటే మొత్తం ఎంతొచ్చిందని కూర్చోకూడదు, ఆ క్షణమే మనిషితో మాట్లాడాలి. 2022 అక్టోబర్ 10న మొదలైన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ ఉంది. 14416కి ఏ వేళ చేసినా ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఆ ప్రశ్న నేనే సూటిగా అడిగాను. లేదంది. నిద్ర ఎప్పటినుంచి పట్టట్లేదంటే, రోడ్డు పక్క ఇంట్లోకి మారినప్పటినుంచట. రాత్రంతా గ్రానైట్ లారీలు. వాళ్లమ్మ ఒంగోలు తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించింది, హిమోగ్లోబిన్ 8. మందులు వాడుతోంది. చదువు మీద మనసు నిలవకపోవడం మాత్రం ఇంకా అట్లాగే ఉంది. వచ్చే వారం సైకియాట్రిస్టు దగ్గరికి నేనూ వెంట వెళ్తున్నాను.