బకెట్ లిస్టులో అమ్మ అడిగిన ప్రశ్న

మీ ఫోన్ నోట్స్‌లో ఓ జాబితా ఉండే ఉంటుంది. ముప్పై ఏళ్లు వచ్చేలోపు చూడాల్సినవి, చేయాల్సినవి. నాకూ ఉంది. ఇంటర్ రోజుల్లో బొంరాస్‌పేటలో బస్సు కోసం ఎదురుచూస్తూ నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకున్నదే ఇప్పుడు ఫోన్‌లోకి ఎక్కింది. ఉప్పల్ స్టేడియంలో ఐపీఎల్ మ్యాచ్.. అయిపోయింది. ఈడెన్ గార్డెన్స్‌లో టెస్టు.. ఇంకా బాకీ. అన్నిటికంటే కింద ఒకటుంది: ఒలింపిక్స్‌లో ఒక్క రోజు.

ఆ ఒక్క రోజుకి ఇప్పుడు తేదీ దొరికింది. 2028 జులై 14న లాస్ ఏంజెలెస్‌లో ఒలింపిక్స్ మొదలవుతాయి. 1900 తర్వాత తొలిసారి క్రికెట్ కూడా ఉంటుంది. టీ20 పద్ధతిలో పురుషులకు ఆరు జట్లు, మహిళలకు ఆరు జట్లు. ఇంతకంటే మంచి సందర్భం మనకెప్పుడు వస్తుంది?

ఇంట్లో చెప్పాను. నాన్న ‘ఎంతైతది?’ అన్నాడు. అమ్మ కందులు చెరుగుతూ తలెత్తకుండానే అడిగింది: ‘ఆడ తుపాకులు పట్కొని తిరుగుతరంట గద బిడ్డా. టీవీల జూస్తే కాదా?’

నవ్వి తప్పించుకున్నాను. కానీ రాత్రి ప్లాన్ ఫైలు తెరిస్తే టికెట్‌కు ఓ గడి ఉంది, వీసాకు ఉంది, హోటల్‌కు ఉంది. అమ్మ అడిగినదానికి మాత్రం లేదు. మీరూ అమెరికాలో ఓ మ్యాచో, టోర్నీయో చూడాలనుకుంటే, లేదా చదువుకు వెళ్లాలనుకుంటే ఆ గడి మీ ప్లాన్‌లోనూ ఉండాలి. నేను దాన్ని ఎలా నింపుకొన్నానో చెబుతా.

భయం ఊరికే పుట్టలేదు

ముందు ఒప్పుకోవాల్సింది.. అమ్మది చాదస్తం కాదు. 2017 ఫిబ్రవరి 22. కాన్సస్ రాష్ట్రంలోని ఒలేతాలో ఇంజినీర్ శ్రీనివాస్ కూచిభొట్ల పని ముగించుకుని స్నేహితుడితో కలిసి ఓ బార్‌లో కూర్చున్నాడు. అక్కడ జనం బాస్కెట్‌బాల్ మ్యాచ్ చూస్తున్నారు. ‘మా దేశం నుంచి వెళ్లిపోండి’ అంటూ ఒకడు కాల్పులు జరిపాడు. శ్రీనివాస్ చనిపోయాడు. స్నేహితుడు గాయపడ్డాడు. అడ్డుకోబోయిన ఇయన్ గ్రిల్లట్ అనే అమెరికా యువకుడికీ బుల్లెట్ దిగింది. చంపినవాడు ఒక అమెరికన్, ప్రాణాలకు తెగించి అడ్డుపడినవాడూ అమెరికనే. ఈ రెండో సంగతిని మనం తొందరగా మర్చిపోతాం.

2023 మే నెలలో డాలస్ దగ్గరి అలెన్‌లో ఓ షాపింగ్ మాల్ దగ్గర జరిగిన కాల్పుల్లో ఎనిమిది మంది చనిపోయారు. వాళ్లలో మన హైదరాబాద్ అమ్మాయి ఒకరు. 2024 ఫిబ్రవరి 14న కాన్సస్ సిటీలో సూపర్ బౌల్ విజయోత్సవ ర్యాలీలోనూ తుపాకులు పేలాయి. ఒకరు చనిపోయారు, ఇరవై మందికి పైగా గాయపడ్డారు.

ఇక నాణేనికి రెండోవైపు. అమెరికాలో తుపాకుల వల్ల ఏటా 40 వేల మందికి పైగా చనిపోతున్నారు. అందులో సగానికి పైగా ఆత్మహత్యలే. టీవీల్లో రోజంతా చూపించే సామూహిక కాల్పుల వాటా మొత్తంలో చాలా చిన్నది. లక్షలాది మంది ప్రతి వారం స్టేడియాలకు వెళ్లి క్షేమంగా ఇంటికొస్తున్నారు. కాబట్టి ‘వెళ్తే చస్తాం’ అనేది నిజం కాదు. ‘ఏమీ కాదులే’ అనేది కూడా నిజం కాదు.

ఇక్కడ అనుమతి, అక్కడ హక్కు

మన ఊళ్లో తుపాకీ ఎక్కడ చూస్తాం? బందోబస్తు పోలీసు భుజాన, ఏటీఎంకు డబ్బు తెచ్చే వ్యాను దగ్గర. లైసెన్స్ తుపాకీ ఉన్నవాళ్లు కూడా ఎన్నికలొస్తే పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేసి రావాలి. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండాలి, కారణం చూపాలి, పోలీసు విచారణ జరగాలి. 2019 సవరణ తర్వాత ఒకరికి రెండు తుపాకులకు మించి ఉండకూడదు. పెళ్లి బరాత్‌లో సరదాకి గాల్లోకి కాల్చినా రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

అమెరికాలో లెక్క తిరగబడుతుంది. 1791లో రాజ్యాంగానికి చేర్చిన రెండో సవరణ ఆయుధం ఉంచుకోవడాన్ని హక్కు అంటుంది. ఇంట్లో ఆత్మరక్షణకు తుపాకీ ఉంచుకోవడం వ్యక్తిగత హక్కని 2008లో, బయటికి తీసుకెళ్లడమూ హక్కేనని 2022లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. ఇక్కడ ‘నీకెందుకు?’ అని ప్రభుత్వం అడుగుతుంది. అక్కడ ‘ఎందుకు వద్దంటున్నావు?’ అని పౌరుడు అడుగుతాడు. పిల్లల్ని బడికి పంపే తల్లులు కఠిన చట్టాలు కావాలంటారు. పోలీసులు రావడానికి అరగంట పట్టే పల్లెల్లో ఉండేవాళ్లు తుపాకీయే మా ధైర్యం అంటారు. ప్రతి ఎన్నికలోనూ ఇదే గొడవ.

పైగా రాష్ట్రానికో చట్టం. 2021 సెప్టెంబరు నుంచి టెక్సస్‌లో 21 ఏళ్లు దాటిన చాలామంది పర్మిట్ లేకుండానే పిస్టల్ వెంట పెట్టుకుని తిరగొచ్చు. ఒలింపిక్స్ జరిగే కాలిఫోర్నియాలో పర్మిట్ తప్పనిసరి. ‘అమెరికా’ అని ఒక్క మాటలో భయపడితే కుదరదు. ఏ రాష్ట్రం, ఏ ఊరు అన్నది చూసుకోవాలి.

సరదాకి కూడా ముట్టుకోవద్దు

ఇది మనవాళ్లలో చాలామందికి తెలియదు. టూరిస్టు వీసా బి1/బి2 అయినా, విద్యార్థి వీసా ఎఫ్1 అయినా, హెచ్1బి అయినా.. తాత్కాలిక వీసాపై ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. ఫ్రెండ్ షూటింగ్ రేంజ్‌కు తీసుకెళ్లి ‘పట్టుకో, ఫొటో తీస్తా’ అన్నా చిక్కే. ఆ ఒక్క ఇన్‌స్టా ఫొటో వీసాకు ఎసరు పెట్టొచ్చు. తుపాకీ కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపించేయడానికి అదే కారణం అవుతుంది.

కేసుల సంగతి అటుంచండి. 2024 నవంబరులో అట్లాంటాలో మన ఉప్పల్ కుర్రాడొకరు పుట్టినరోజు నాడే వేట తుపాకీ శుభ్రం చేస్తుండగా అది పేలి ప్రాణాలు కోల్పోయాడు. అక్కడ దొంగా లేడు, ద్వేషించేవాడూ లేడు. తుపాకీ గదిలో ఉంది, అంతే.

ముచ్చట తీరాలంటే హైదరాబాద్

తుపాకీ పట్టుకోవాలన్న సరదా తప్పేం కాదు. దానికి మన దగ్గర దారి ఉంది. పరిగి, చేవెళ్ల మీదుగా బస్సెక్కితే హైదరాబాద్. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోనే షూటింగ్ రేంజ్ ఉంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ మన హైదరాబాదీయే. 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో ఈషా సింగ్ ఒక స్వర్ణం, మూడు రజతాలు గెలిచింది. ట్రాప్ షూటర్ కైనన్ చెనాయ్ టీమ్ స్వర్ణం, వ్యక్తిగత కాంస్యం పట్టుకొచ్చాడు.

ఎయిర్ రైఫిల్‌లో మందుగుండు ఉండదు. గాలి ఒత్తిడితో చిన్న సీసపు గుండు దూసుకెళ్తుంది. పది మీటర్ల దూరంలో కొట్టాల్సిన చుక్క అర మిల్లీమీటరు. అక్కడ గెలిచేది కోపం కాదు, ఊపిరి మీద అదుపు. నేనైతే లిస్టులో కొత్త గీత రాసుకున్నా: లాస్ ఏంజెలెస్‌లో క్రికెట్‌తో పాటు షూటింగ్ పోటీ కూడా చూడాలని.

ఆ గడి ఇలా నింపండి

* బడ్జెట్: ఒలింపిక్స్ టికెట్లు 28 డాలర్ల నుంచి మొదలవుతాయి. వీసా దరఖాస్తు ఫీజు 185 డాలర్లు. విమానం, బస కలిపితే లక్షల్లోకి వెళ్తుంది. నెలనెలా పక్కన పెట్టడం ఇప్పుడే మొదలుపెట్టండి.

* బస: క్రికెట్ జరిగే పొమోనా.. లాస్ ఏంజెలెస్‌కు దాదాపు 50 కిలోమీటర్ల దూరం. రాత్రి మ్యాచ్ అయ్యాక గదికి ఎలా చేరాలో చూసుకున్నాకే బుక్ చేయండి.

* బీమా: అమెరికాలో ఆస్పత్రి బిల్లు ఆస్తులమ్మిస్తుంది. నేరాల్లో తగిలే గాయాలకు పాలసీ వర్తిస్తుందో లేదో చదివి కొనండి.

* స్టేడియంలో: కూర్చోగానే దగ్గరి రెండు దారులు చూసుకోండి. చాలా చోట్ల లోపలున్నవి కనిపించే సంచులనే అనుమతిస్తారు.

* ఆపదలో: కాల్పులు జరిగితే అక్కడ నేర్పే వరస ఇదీ.. పరుగెత్తు, కుదరకపోతే దాక్కో, వేరే దారే లేకపోతే ఎదురుతిరుగు. వీడియో తీస్తూ నిలబడొద్దు. 911కు ఫోన్ చేయండి. భారత కాన్సులేట్ నంబరు ముందే సేవ్ చేసుకోండి.

* గొడవల్లో: కారు తగిలిందనో, క్యూలో తోసారనో మాటామాటా పెంచొద్దు. అవతలివాడి నడుముకు ఏముందో మనకు తెలియదు.

ఇదంతా కాగితం మీద రాసి అమ్మకు చదివి వినిపించాను. చివరిదాకా విన్నది. ‘పోవద్దని నేనంటలేను. నువ్వు ఆలోచిస్తున్నవా లేదా అని అడిగిన’ అన్నది. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. నవ్వి తప్పించుకోకండి. జవాబు తయారు చేసుకుని వెళ్లండి.