చింతగింజల్లో లెక్కలు... బంకమట్టిలో అక్షరాలు

"మా గుంటడు మీ బడికొచ్చి ఆర్నెల్లయిపోనాది టీచరమ్మా! ఇంకా 'అ' రాయడం రాలేదు. ఎప్పుడొచ్చి సూసినా ఆటలే. ఇదేటి సదువు?"

అనకాపల్లి జిల్లా పల్లెల్లో అంగన్వాడీ టీచర్లకు ఈ ప్రశ్న కొత్త కాదు. అడిగేది ఎక్కువగా నాయనమ్మలూ, అమ్మమ్మలే. తల్లి అప్పటికే అచ్యుతాపురం సెజ్ బస్సు ఎక్కేసి ఉంటుంది. లేదా చెరకు తోటలోనో, జీడి తోటలోనో పనిలో ఉంటుంది. పిల్లవాణ్ణి చంకనేసుకుని తెచ్చి దించేదీ, సాయంత్రం తీసుకుపోయేదీ ముసలమ్మే.

ఆమె అడగడంలో తప్పేమీ లేదు. పక్కింటి పిల్లవాడు మెడకు టై బిగించుకుని, కాన్వెంటు బస్సెక్కి, సాయంత్రం నాలుగు పేజీల హోంవర్కుతో దిగుతుంటే ఎవరికైనా మనసు పీకుతుంది. అప్పో సప్పో చేసి మన బిడ్డనూ అక్కడే పడేద్దామనిపిస్తుంది. అలా చేర్పిస్తున్నవారు ఊరూరా ఉన్నారు. చివరకు అంగన్వాడీలో మిగిలేది ఆ ఫీజు కట్టలేని ఇళ్ల పిల్లలే. 'గుడ్డు పెట్టే బడి' అన్న పేరు స్థిరపడిపోతే అక్కడ చదువు ఉందన్న సంగతి ఊరికి గుర్తుండదు.

అందుకే ఆ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పుకోవాలి. అక్కడ పిల్లలు ఆడుకుంటున్న మాట నిజమే. మూడు నుంచి ఆరేళ్ల వయసువారికి ఆటే పాఠం. 1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకుల్లో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం మొదలైనప్పుడే పౌష్టికాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలతోపాటు 'పూర్వ ప్రాథమిక విద్య'ను కూడా అందులో చేర్చారు. పలకా బలపం పట్టించి దిద్దించే విద్య అని మాత్రం దాని ఉద్దేశం కాదు.

మణికట్టులో ఎముక ఏదీ?

ముందు చెయ్యి సంగతి చూద్దాం. పెద్దవారి మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టిన బిడ్డలో అవి ఎముకలుగా ఉండవు, మెత్తటి మృదులాస్థిగా ఉంటాయి. ఏడాదికేడాది ఒక్కొక్కటిగా గట్టిపడుతూ వస్తాయి. మూడేళ్ల పిల్లవాడికి ఎక్స్‌రే తీస్తే వాటిలో ఎక్కువ భాగం కనిపించనే కనిపించవు. లేత కొమ్మకు బరువు కట్టని రైతు, ఆ లేత చేతికి పెన్సిలు కట్టి పేజీలు పేజీలు దిద్దమంటే ఎలా? రెండు గీతలు గీసేసరికి చెయ్యి నొప్పి పుడుతుంది. నొప్పి పుట్టించేదాన్ని పిల్లవాడు ఇష్టపడడు. బడి అంటే ఏడుపు అక్కడే మొదలవుతుంది.

ఇప్పుడు కేంద్రంలో బంకమట్టి ముద్ద పిసుకుతున్న పిల్లను చూడండి. పాము చేస్తుంది, ఉండ్రాళ్లు చేస్తుంది, చేటలో పెట్టి అమ్ముతుంది. పిసికినకొద్దీ అరచేతి కండరాలకు బలం వస్తుంది. పూసలు దారానికి గుచ్చేటప్పుడు బొటనవేలూ, చూపుడువేలూ ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి. రేపు పెన్సిలు పట్టుకోవలసింది ఆ రెండు వేళ్లతోనే. కాగితం చించి అతికించడం, తాటాకు మడిచి బూర చేయడం, సుద్దముక్కతో నేలమీద పెద్ద పెద్ద సున్నాలు చుట్టడం అన్నీ రాతకు ముందు జరిగే దుక్కి దున్నడాలే. దుక్కి లేకుండా విత్తనం చల్లేవాణ్ణి మన ఊళ్లో ఎవరూ తెలివైనవాడనరు.

ఒకటి నుంచి వంద దాకా అప్పజెప్పినా...

"మావాడు వంద దాకా చదివేస్తాడు" అని మురిసిపోయే తల్లిదండ్రులు ఉన్నారు. ముచ్చటే. కానీ అప్పజెప్పడం వేరు, లెక్క తెలియడం వేరు.

ఈ సాయంత్రం ఇంట్లోనే పరీక్షించి చూడవచ్చు. నాలుగేళ్ల పిల్లవాడి ముందు చింతగింజలు రెండు వరుసలుగా పేర్చండి. ఒక్కో వరుసలో ఆరు. ఒకదానికెదురుగా ఒకటి ఉండాలి. "రెండూ సమానమేనా?" అంటే అవునంటాడు. ఇప్పుడు వాడు చూస్తుండగానే ఒక వరుసలోని గింజలను దూరదూరంగా జరపండి. ఒక్క గింజ కలపలేదు, తీయలేదు. "ఇప్పుడెక్కడ ఎక్కువున్నాయిరా?" అని అడగండి. పొడుగు వరుసను చూపించే పిల్లలే ఎక్కువ. స్విట్జర్లాండుకు చెందిన జీన్ పియాజే ఇటువంటి పరీక్షలతోనే చిన్నపిల్లల ఆలోచన పెద్దల ఆలోచనకు చిన్న సైజు నకలు కాదని చూపించాడు. వరుస పొడుగును చూసి సంఖ్య పెరిగిందనుకునే పిల్లవాడికి, నోటితో వంద అప్పజెప్పడం వల్ల ఒరిగేదేమిటి?

కసిరినా, కొట్టినా ఇది రాదు. చేత్తో పట్టుకుని పంచితే వస్తుంది. పదిమంది పిల్లలు కూర్చున్నారు, ఒక్కో పళ్లెంలో ఒక్కో గుడ్డు పెట్టమని ఆయా ఒక పిల్లతో అంటుంది. ఒకరికి గుడ్డు రాకపోతే అక్కడ గోలే! మనిషికొకటి అన్న లెక్క ఆ పిల్లకు అక్కడే ఒంటబడుతుంది. చింతగింజలు ఒకవైపు, కుంకుడుగింజలు ఒకవైపు వేరు చేయడం, ఆకులను చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరుసగా పేర్చడం, వామనగుంటల పలకలో గుంటకు నాలుగేసి చొప్పున పంచుకుంటూ పోవడం ఇవన్నీ లెక్కల పునాదులే. మన అమ్మమ్మలు మధ్యాహ్నం పూట అరుగుమీద కూర్చుని ఆడినది ఇదే. వారు దానికి గణితమని పేరు పెట్టలేదు, అంతే.

(మూడేళ్లలోపు పిల్లలు ప్రతిదీ నోట్లో పెట్టుకుంటారు. వారికి గింజలు, గోళీలు, పూసలు ఇవ్వకండి. గొంతులో అడ్డుపడితే ప్రాణం మీదికొస్తుంది. పెద్దపిల్లలకిచ్చినా ఎదుట ఒక మనిషి ఉండాలి.)

బొమ్మల సంతలో బేరాలు

ఒక మూల నాలుగు కొబ్బరి చిప్పలు, రెండు పాత డబ్బాలు, ఒక చిరుగు చీర ఉంటే చాలు. పిల్లలు సంత పెట్టేస్తారు. ఒకడు కూరగాయలవాడు, ఒకతె కొనే మనిషి, ఇంకొకడు బస్సు కండక్టరు. "వంకాయలెలాగ?" "పది." "అమ్మో అంతా!" అమ్మానాన్నల మాటలు యథాతథంగా బయటికొస్తాయి. కొన్నిసార్లు బయటికి రాకూడనివి కూడా వస్తాయి, టీచర్లకు అలా ఊరి గుట్టు చాలా తెలుసు!

నవ్వులాటగా ఉన్నా, ఇంట్లో ఒక్క ముక్క మాట్లాడని పిల్ల ఆ సంతలో నోరు విప్పుతుంది. ఎదుటివాడి వంతు వచ్చేదాకా ఆగడం, అడిగి తీసుకోవడం, ఓడిపోతే ఓర్చుకోవడం అక్కడే అలవాటవుతాయి. కథ చెప్పి మధ్యలో ఆపి "తరవాత ఏమయి ఉంటుంది?" అని టీచరు అడిగితే పదిమంది పది కథలు చెబుతారు. మాటలు ఎక్కువ వచ్చిన పిల్లవాడికి రేపు చదవడం తేలికవుతుంది. తెలిసిన మాటనే కదా అక్షరాల్లో గుర్తుపట్టాలి! తెలియని భాషలో రైములు వల్లె వేసిన పిల్లవాడికి ఆ సౌకర్యం ఉండదు. కాన్వెంటు వ్యామోహంలో మనం లెక్కలోకి తీసుకోని నష్టం ఇదే అని చెప్పక తప్పదు.

వాకిట్లో పుట్టిన బడి

ఇదంతా కొత్తగా పుట్టిన మాట కాదు. గుజరాత్‌లోని భావనగర్‌లో గిజూభాయి బధేకా అనే వకీలు నల్లకోటు వదిలేసి 1920లో బాలమందిరం తెరిచాడు. ఆటలు, కథలు, పాటలే అక్కడి పాఠ్యక్రమం. బెత్తానికి చోటు లేదు. పిల్లలను అంతగా దగ్గరకు తీసినందుకు ఆయనకు 'మీసాల అమ్మ' అన్న పేరు వచ్చింది.

ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోదక్ 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీ గ్రామానికి వెళ్లారు. పేదల పిల్లల కోసం బడి పెడితే వారు రాలేదు. తల్లులు కూలికి, పెద్దపిల్లలు చంటిపిల్లల కాపలాకు వెళ్లిపోయేవారు. వారు రాకపోతేనేం, మనమే వెళదామని ఆమె బడిని వారి వాడకే తీసుకుపోయారు. పిల్లల ఇళ్ల ముందరి వాకిట్లోనే ఆటలు, పాటలు సాగాయి. 'అంగన్' అంటే ముంగిలి. తర్వాత 1957 నుంచి అనుతాయి వాఘ్‌తో కలిసి కోస్‌బాడ్ కొండమీద వార్లీ గిరిజన పిల్లల మధ్య పనిచేశారు. పశువులు కాసే పిల్లల కోసం బడి పచ్చిక బయలుకే వెళ్లింది. విదేశీ మాంటిస్సోరి పరికరాలు కొనే స్తోమత ఎవరికుంది? గవ్వలు, పుల్లలు, ఆకులు, గింజలు వాటి స్థానంలోకి వచ్చాయి. తారాబాయికి 1962లో పద్మభూషణ్, అనుతాయికి 1985లో పద్మశ్రీ లభించాయి.

గవ్వలకు మన పూడిమడక తీరంలో కొరత లేదు. ఆకులకు మాడుగుల కొండల్లో అంతకన్నా లేదు.

బొమ్మలకైతే ఎక్కడికో పోనక్కరలేదు. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రను చిత్రికపట్టి లక్కతో రంగులద్దే ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చెట్ల బెరళ్లు, గింజలు, వేళ్ల నుంచి తీసే సహజ రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చిన ఆ ఊరి సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ దక్కింది. నోట్లో పెట్టుకునే పిల్లల చేతికి ఏ రంగు పూసిన బొమ్మ ఇస్తున్నామన్నది చిన్న విషయం కాదు. సంతలో దొరికే చౌక ప్లాస్టిక్ బొమ్మకు వేసిన రంగులో ఏముందో అమ్మేవాడికీ తెలియదు. ఏటికొప్పాక బొంగరం, కిలక్కాయ షోకేసుల్లో కనిపించినన్ని పక్క ఊళ్ల అంగన్వాడీల్లో కనిపించకపోవడం మాత్రం విచిత్రమే.

లోపాలు లేవా?

ఉన్నాయి. అన్ని కేంద్రాల్లో ఆట పాఠంగా నడుస్తోందని చెబితే ఊరివారే నవ్వుతారు. కొన్నిచోట్ల పిల్లలు చేతులు కట్టుకుని గోడవారగా కూర్చుని అన్నం వేళ కోసం ఎదురుచూస్తుంటారు. ఆట వస్తువుల పెట్టె బీరువాలో భద్రంగా ఉంటుంది, విరిగిపోతే ఎవరు జవాబు చెప్పాలన్న భయం.

టీచరు వైపు నుంచి కూడా చూడాలి. గర్భిణులు, బాలింతల వివరాలు ఆమే రాయాలి. పిల్లల బరువు, ఎత్తు తూచి కొలవాలి. 2021లో వచ్చిన పోషణ్ ట్రాకర్ యాప్‌లో అవన్నీ ఎక్కించాలి. సిగ్నలు అందని ఊళ్లో ఫోను పట్టుకుని డాబా ఎక్కితే కింద పిల్లలను ఆడించేదెవరు? జీతాల పెంపు కోసం రాష్ట్రంలోని అంగన్వాడీ సిబ్బంది 2023 డిసెంబరులో మొదలుపెట్టిన సమ్మె 40 రోజులకు పైగా నడిచింది. ఆ రోజుల్లో పిల్లవాణ్ణి ఎక్కడ దించాలో తెలియక కూలి మానుకున్న తల్లులకు కేంద్రం విలువ ఏమిటో బాగా తెలిసింది.

ప్రభుత్వ కాగితాల్లో ఆటకు పెద్దపీటే వేశారు. ఆరేళ్లలోపే మెదడు ఎదుగుదల 85 శాతానికి పైగా జరిగిపోతుందని 2020 జాతీయ విద్యా విధానం పేర్కొంది. అంగన్వాడీల్లో చదువుకు ఊతమిస్తామంటూ కేంద్రం 2023లో 'పోషణ్ భీ పఢాయీ భీ' కార్యక్రమం ప్రారంభించింది. 2024లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకోసం 'ఆధారశిల' అనే పాఠ్యప్రణాళిక వచ్చింది. అందులోనూ ఆటదే ప్రధాన స్థానం. కాగితం మీదిది వాకిట్లోకి రావాలంటే వాకిలి ఉండాలి కదా! అద్దె గదిలో, వంటపొయ్యి పక్కన పాతికమంది పిల్లలు తొక్కుడుబిళ్ల ఎలా ఆడతారు?

వెళ్లి చూడండి

నాయనమ్మలకు ఒక మనవి. ఈసారి పిల్లవాణ్ణి దించి వెంటనే తిరిగి రాకుండా ఓ గంట అక్కడ కూర్చోండి. "ఏం రాశాడు?" అని కాక, "ఏం ఆడించారు?" అని అడగండి. బొమ్మలు పిల్లల చేతికందే ఎత్తులో ఉన్నాయా, బీరువాలో ఉన్నాయా గమనించండి. ఎక్కువసేపు ఎవరు మాట్లాడుతున్నారు, టీచరా, పిల్లలా? వాళ్లు ఆరుబయటికి వెళుతున్నారా? అక్కడ కంచె ఉందా, నీళ్లు నిలిచిన గుంట ఏమైనా ఉందా? లోపం కనిపిస్తే టీచరు మీద కేకలేయడం కన్నా పంచాయతీలో చెప్పడం మేలు. కంచె వేయడం, గుంట పూడ్చడం ఆమె చేతిలో పని కాదు.

మీకు వచ్చిన పొడుపుకథలు, గుజ్జనగూళ్ల ఆటలు పిల్లలకు చెబితే టీచరు కాదనదు సరికదా, సంతోషిస్తుంది. మరో మాట. ఇంట్లో వృథాగా పారేసే అగ్గిపెట్టెలు, సీసా మూతలు, కొబ్బరి చిప్పలు, రంగు గుడ్డపీలికలు కడిగి ఓ సంచిలో వేసి పంపండి. పదునైన అంచులున్నవి మాత్రం వద్దు.

కేంద్రంలో చేర్చుకోవడానికి ఫీజు లేదు. మూడేళ్లు నిండిన బిడ్డకు ఇంకా మూడేళ్లు సమయముంది. ఒకటో తరగతిలో చేరే వయసు ఆరేళ్లు.