సూత్రం ఎంతవరకు చెల్లుతుంది?

1996 జూన్ 4న దక్షిణ అమెరికాలోని ఫ్రెంచ్ గయానాలో ఉన్న కౌరూ కేంద్రం నుంచి ఐరోపా కొత్త రాకెట్ ఏరియాన్-5 తొలిసారి నింగికెగిసింది. ప్రయోగక్రమం మొదలైన దాదాపు 40 సెకన్లకే, సుమారు 3,700 మీటర్ల ఎత్తులో దారి తప్పి పేలిపోయింది. భూమి అయస్కాంతావరణాన్ని పరిశీలించాల్సిన నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలు కూడా నాశనమయ్యాయి. కారణం ఇంటర్మీడియట్ లెక్కల పుస్తకంలో కనిపించే రెండు మాటల్లోనే ఉంది: ప్రదేశం, వ్యాప్తి.

గణితంలో ప్రమేయం పిండిమర లాంటిది. గింజలు పోస్తే పిండి వస్తుంది, రాళ్లు పోస్తే మర చెడుతుంది. ప్రమేయానికి ఇవ్వదగిన సంఖ్యలన్నీ కలిపి దాని ప్రదేశం. వాటి నుంచి వచ్చే ఫలితాలన్నీ కలిపి వ్యాప్తి.

"ఇచ్చిన సంఖ్యలోంచి 3 తీసివేసి, వర్గమూలం కట్టాలి" అనే ప్రమేయాన్ని చూద్దాం. 12 ఇస్తే 3 వస్తుంది. 2 ఇస్తే −1కి వర్గమూలం కట్టాలి. వాస్తవ సంఖ్యల్లో అది లేదు. కాబట్టి 3, అంతకంటే పెద్ద సంఖ్యలు మాత్రమే దీని ప్రదేశం. మరి వ్యాప్తి? ఫలితం రుణసంఖ్య కాలేదు. సున్నా నుంచి పైన ఏ ఫలితం కావాలన్నా దాని వర్గానికి 3 కలిపి ఇస్తే సరిపోతుంది. 5 రావాలంటే 28 ఇవ్వాలి. కాబట్టి సున్నా, ధనసంఖ్యలన్నీ వ్యాప్తిలో ఉంటాయి. భిన్నాల్లోనైతే హారం సున్నా అయ్యే విలువలను ప్రదేశం నుంచి తీసివేయాలి.

ఒక ప్రమేయం ఇచ్చిన ఫలితాన్ని మరో ప్రమేయానికి అందించాలంటే, మొదటిదాని వ్యాప్తి రెండోదాని ప్రదేశంలో పూర్తిగా ఇమడాలి. ఏరియాన్-5లో ఈ షరతే తప్పింది.

రాకెట్ అడ్డంగా కదిలే వేగానికి సంబంధించిన ఒక విలువను దిశానిర్దేశక కంప్యూటర్ 64 బిట్లలో లెక్కగట్టి, 16 బిట్ల పూర్ణాంకంగా మార్చేది. 16 బిట్లలో −32,768 నుంచి 32,767 వరకే పడతాయి. ఆ ప్రోగ్రామును ఏరియాన్-4 నుంచి తీసుకున్నారు. పాత రాకెట్ ప్రయాణంలో ఆ విలువ హద్దు దాటలేదు. ఏరియాన్-5 అడ్డవేగం చాలా త్వరగా పెరిగేది. సూత్రం మారలేదు, దానికి అందే సంఖ్యలు మారాయి.

విలువ హద్దు దాటగానే కంప్యూటర్ ఆగిపోయింది. అదే ప్రోగ్రాముతో నడిచే రెండో కంప్యూటర్ కాస్త ముందే ఆగింది. లోపాన్ని తెలిపే సంకేతాలను ప్రధాన కంప్యూటర్ ప్రయాణ సమాచారంగా భావించి, ఇంజిన్ల నాజిళ్లను పూర్తిగా ఒకవైపు తిప్పేసింది. విచిత్రమేమిటంటే, రాకెట్ పైకి లేచాక ఆ లెక్కతో ఏరియాన్-5కు అవసరమే లేదు.

కొత్త క్లస్టర్ ఉపగ్రహాలు 2000లో సోయుజ్ రాకెట్లపై కక్ష్యకు చేరాయి. పాత సూత్రాన్ని కొత్త పనికి వాడే ఇంజినీరైనా, పరీక్ష రాసే విద్యార్థి అయినా ముందుగా వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఈ సంఖ్య ఆ సూత్రం ప్రదేశంలో ఉందా?