బందరు పటముపై బాలబాలికల చరిత్ర

1759 ఏప్రిల్ 7వ తేదీ నడిరేయి కర్నల్ ఫోర్డు నాయకత్వమున ఆంగ్లసేన బందరుకోట బురుజులనెక్కి లోనికి చొచ్చుటయు, తెల్లవారునప్పటికి ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్సు లొంగిపోవుటయు, దానితో ఉత్తర సర్కారులలో ఫ్రెంచివారి ప్రాభవము అస్తమించుటయు చరిత్ర చదివినవారు ఎరిగినదే. అయితే ఆ బందరులోనే పుట్టి పెరిగి పదవ తరగతి చదువుచున్న బాలుని పట్టుకొని, ఆ రాత్రి సేన ఏ దిక్కునుండి వచ్చినది, ఆ కోట నేడు నీ యింటికి ఎంత దూరమున నున్నది అని అడిగినచో, సంవత్సరమును తడబడక చెప్పిన నోరే మూతపడును. ఇది బాలుని లోపము కాదు. మన పాఠ్యపుస్తకములు చరిత్రను తేదీలకు కట్టివైచి స్థలమును గాలికి వదలినవి. ఎప్పుడు అను ప్రశ్నకే అలవాటుపడిన బుద్ధికి ఎచ్చట అను ప్రశ్నను నేర్పుటకు, కంప్యూటరుపై పటములు రచించు సాధనములు నేడు ఉన్నత పాఠశాలల విద్యార్థులకు సైతము అందుబాటులోనికి వచ్చినవి. వానితో ఒక ఊరి చరిత్రను వెదకుట ఎట్లో, ఆ వెదకులాటలో మోసపోవు తావులెవ్వియో బందరును ఆధారముగా గొని చెప్పెదను.

యువకులు ఊరూర తిరిగి స్థలచరిత్రను పటముతో జోడించుట తెలుగువారికి కొత్త విద్య కాదు. ఏలూరువారగు కావలి సోదరులలో వెంకట బొర్రయ్య 1776లో జన్మించి, ఇరువదియేండ్ల ప్రాయమున కాలిన్ మెకంజీ కొలువున చేరి, సర్వే బృందములతో దక్కనునందు సంచరించుచు, శాసనములు చదివి, స్థానిక వృత్తాంతములను సేకరించి, 1803లో నిండు యౌవనముననే దివంగతుడయ్యెను. ఆయన తమ్ములు లక్ష్మయ్య, రామస్వామి ఆ పనిని కొనసాగించిరి. మెకంజీ 1815లో భారతదేశమునకు ప్రథమ సర్వేయరు జనరలు అయ్యెను. భూమిని కొలుచు బృందమే గ్రామకరణములచే కైఫీయత్తులు వ్రాయించుకొనుట వలన, ఊరి కొలతయు ఊరి కథయు ఒక్క గూటికి చేరినవి. చెన్నపట్టణపు ప్రాచ్యలిఖిత పుస్తకాలయమున భద్రపరుపబడిన ఆ కైఫీయత్తులు లేనిచో ఎన్ని తెలుగు గ్రామముల పూర్వవృత్తాంతము మనకు దక్కెడిదో ఊహించుకొనవచ్చును. తరువాతి కాలమున కొలతలు సర్వేశాఖకును, కథలు చరిత్రకారులకును విడివిడిగా పంచిపెట్టబడినవి. బడిపిల్లలు చేయదగిన పని ఆ రెంటిని మరల కలుపుట.

సాధనములు పెక్కు కలవు గాని, ముఖ్యమైనవి రెండు మూడే. 2004లో ఇంగ్లండునందు ఆరంభమైన ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ అనునది ఎవరైనను దిద్దదగిన, ఎవరైనను ఉచితముగా వాడుకొనదగిన ప్రపంచపటము. మన అంతరిక్ష సంస్థ ఇస్రో 2009లో వెలువరించిన భువన్‌లో ఉపగ్రహచిత్రములు చూడవచ్చును. క్యూజిస్ అను పేర వ్యవహరింపబడు ఉచిత సాఫ్ట్‌వేరులో పటముమీద పటము పరచి పోల్చవచ్చును. సామాన్యమైన కంప్యూటరు ఒకటి, ఫోన్లు రెండు మూడు, నడువగల కాళ్లు ఉన్నచో పని మొదలిడవచ్చును. పటముల తయారీపై నుండిన నిర్బంధములను కేంద్రప్రభుత్వము 2021 ఫిబ్రవరిలో చాలమేరకు సడలించినది గనుక, పూర్వమువలె అడుగడుగున అనుమతులకై వెఱవనక్కరలేదు. రక్షణకు సంబంధించిన తావులను మాత్రము ముట్టరాదు.

పనిలో మొదటి మెట్టు పాతపటమును నేటి భూమిపై కూర్చుండబెట్టుట. పదునెనిమిదవ శతాబ్దిలో యూరోపియనులు గీసిన కోటపటము నొకదానిని బొమ్మగా కంప్యూటరులోనికి తెచ్చుకొన్నప్పుడు, అది కేవలము బొమ్మయే. దానికి అక్షాంశ రేఖాంశములు తెలియవు. పాతపటములోను నేటి భూమిపైనను నిస్సందేహముగా ఒక్కటే యని చెప్పదగిన గుర్తులను ఎన్నుకొని, ఇది ఇక్కడ, అది అక్కడ అని ఒక్కొక్కటిగా జత పరుపవలెను. గణితరీత్యా మూడు గుర్తులతోనే పని జరుగును గాని, పాతపటమునకు పది వరకు ఉండుట మేలు. పెడనలో కలంకారీ అద్దకపువారు రంగునకొక చెక్క అచ్చు చొప్పున వాడునప్పుడు, రెండవ అచ్చు మొదటిదాని ఆనవాళ్లపై సరిగా పడనిచో పువ్వొకచోట, దాని అంచొకచోట ఏ తీరున చెదరిపోవునో, గుర్తులు తప్పిన పటము ఆ తీరుననే చెదరును. ఒక్కొక్క గుర్తు ఎంత దూరము తప్పినదో సాఫ్ట్‌వేరు అంకెలలో చూపును. ఆ అంకెను దాచిపెట్టక పటము క్రిందనే వ్రాసియుంచుట విద్యార్థికి అలవాటు కావలెను.

గుర్తుల ఎంపికలోనే బందరు పిల్లల వివేకమునకు తొలి పరీక్ష. తీరరేఖ కంటికి ఇంపుగా కనబడును. పాతపటములోను కలదు, క్రొత్తదానిలోను కలదు. దానిని గుర్తుగా పట్టినవాడు మునిగినట్లే. కృష్ణ తెచ్చిన మన్ను మేటలు వేయుటచే, ఆటుపోటులచే ఆ తీరము ఒకచోట నిలిచినది కాదు; లోతు చాలనందున పెద్ద ఓడలు తీరమునకు మైళ్ల దూరముననే లంగరు వేసి, పడవలపై సరకు దింపుకొనిన రేవు అది. కాలువగట్టులను సైతము నమ్మరాదు. బురుజుల పునాదులు, పాత దేవాలయములు, చర్చీలు, సమాధులు నమ్మదగినవి. ఏది కదలును, ఏది కదలదు అని తేల్చుకొనుటకు జరుగు వాదోపవాదములో పిల్లలు నేర్చు చరిత్ర, నా అభిప్రాయమున, ఏ గైడు పుస్తకములోను దొరకదు.

పటము కుదిరినంతనే 1759 నాటి యుద్ధమునకు ఒక ఆకారము వచ్చును. కోట ఊరికి ఆగ్నేయముగా నుండెను. నడుమ చిత్తడినేల, దానిపై ఒక కట్ట. ఫోర్డు ప్రధాన బలమును ఈశాన్యపు బురుజుపైకి నడిపించి, దృష్టి మరల్చుటకై కెప్టెన్ నాక్సు పటాలమును నైరృతి దిక్కున బురదలోనుండి పంపెను. ఆంగ్లేయుల పక్షమున నిలిచిన విజయనగరపు ఆనందగజపతి బలములు కట్టవైపు హడావిడి చేసినవి. పుస్తకములో ఇది నాలుగు పంక్తుల యుద్ధవార్త. నేటి ఉపగ్రహచిత్రముపై మూడు బాణములు గీసి, అదే నేలపై నడిచి చూచిన బాలికకు, బురదవైపు కాపలా ఎందులకు తక్కువగా నుంచిరో వేరుగ చెప్పనక్కరలేదు.

కోట ప్రాంతమున డచ్చివారి సమాధులు కలవు. బందరులో డచ్చివారు పదునేడవ శతాబ్ది ప్రథమభాగముననే వర్తకశాల నెలకొల్పిరి. ఆంగ్లేయులు 1611లో వచ్చిరి. పురావస్తుశాఖ రక్షణలో నున్న ఆ రాళ్లపై వంశచిహ్నములు, డచ్చి అక్షరములు ఉబ్బెత్తుగా చెక్కబడియున్నవి. ఒక్కొక్క రాతికి ఒక బిందువు, ఒక ఛాయాచిత్రము, చదువ వీలయినంతలో పేరును సంవత్సరమును చేర్చి చిన్న పట్టిక చేయుట పిల్లలకు తగిన పని. అక్షరములు కనబడుటకై సుద్దపొడి రుద్దు దురలవాటు కొందరికి కలదు. అది రాతిని పాడుచేయును. ఉదయమో సాయంకాలమో, వెలుగు ఏటవాలుగా పడు వేళ చూచి తీసిన ఛాయాచిత్రమే చాలును. మరియొక సంగతి: ఫోను చూపు స్థానము ఆరుబయట సైతము అయిదు మీటర్ల వరకు అటునిటు కావచ్చును. పక్కపక్కనున్న రెండు సమాధులు ఆ తప్పులో ఒకటైపోవును. అప్పుడు టేపుతో కొలిచి కాగితముపై గీసిన నకలే దిక్కు.

ఇక ఉప్పెనలు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రము బందరుపై విరుచుకుపడినది; మామూలు పోటుకంటె 13 అడుగులు అధికముగా నీరు లేచినదనియు, పట్టణమునను పరిసరములందును సుమారు 30,000 మంది మరణించిరనియు ఆనాటి వృత్తాంతములు. ఈ నీరు ఎచ్చటిదాక వచ్చియుండునో పటముపై నీలిరంగు పూసి చూపవలెనని ఏ విద్యార్థికైనను తోచును. 2000లో అమెరికా వ్యోమనౌకనుండి కొలిచిన భూమి ఎత్తుల లెక్కలు ఉచితముగా దొరకును. నాలుగు మీటర్లకు తక్కువగానున్న నేలనంతయు నీలము చేయుమన్నచో కంప్యూటరు క్షణములో చేసి పెట్టును. చూచుటకు అద్భుతము, నమ్ముటకు ప్రమాదము. ఏలయన, ఆ ఎత్తుల లెక్కలోనే కొన్ని మీటర్ల తప్పు కలదు. చెట్ల తలలను, ఇండ్ల కప్పులను అది నేలయని భ్రమించును. బందరువంటి చదునైన ఊరిలో ఉప్పెన ఎత్తును కొలమానపు తప్పును ఇంచుమించు సమానములు. అట్టి నీలిపటము చరిత్ర కాదు, రంగులాట.

మరి ఏమి చేయవలెను? మనుష్యుల నడుగవలెను. 1864 చూచినవారు లేరు. కాని 1977 నవంబరు 19న దివిసీమను ముంచి సుమారు 10,000 మందిని పొట్టనబెట్టుకొనిన ఉప్పెనను కన్నులార చూచినవారు కృష్ణాతీరపు ఊళ్లలో నేటికిని ఉన్నారు. “తాతగారూ, ఉప్పెన నీళ్లు మీ ఇంట్లో ఎందాకా వచ్చాయండీ?” అని వినయముగా అడిగినచో, వారు మీటర్లలో చెప్పరు, మోకాటిలోతు, మొలలోతు, పీకలలోతు అని చెప్పుదురు, లేదా లేచి వచ్చి గోడమీద చేయి పెట్టి చూపుదురు. ఆ చేయి పెట్టిన చోటును నేలనుండి టేపుతో కొలిచి, ఆ ఇల్లు అప్పటినుండి మెరక చేయబడినదా అని మరల అడిగి, చెప్పినవారి వయస్సును చెప్పిన తేదీని చేర్చి పటములో నిలుపవలెను. ఇట్టి బిందువులు ఇరువదియో ముప్పదియో ఉపగ్రహపు నీలిరంగుకంటె విలువైనవి. చెప్పినవారి అనుమతి లేక పేరును ఇంటిని బహిరంగపటమున పెట్టరాదు. వీథివరకు చూపి విడుచుట మర్యాద.

పేటల హద్దులు మరియొక చిక్కు. ఇంగ్లీషుపాలెము, వలందపాలెము, పరాసుపేట అను పేర్లు ఆంగ్ల, డచ్చి, ఫ్రెంచి వర్తకుల జాడలను నేటికిని మోయుచున్నవి. కాని ఏ పేట ఎచ్చట ముగియునని నలుగురిని అడిగిన నాలుగు గీతలు వచ్చును. పోస్టుమాను చెప్పు హద్దు ఒకటి, పురపాలక వార్డు హద్దు ఒకటి, ముసలివారు చెప్పునది వేరొకటి. కంప్యూటరు సందిగ్ధమును సహింపదు, అది ఒక్క గీతనే అడుగును. కావున ఉపాధ్యాయుడు చుక్కలగీతను నేర్పవలెను: నిశ్చయమైన దానికి నిండుగీత, వినికిడికి చుక్కలు. ఈ భేదము పాటించిన పటము పదిమంది చూడదగినది. పాటింపనిది ఎంత అందముగా నున్నను అప్రమాణము. నోబుల్ కళాశాల, 1910లో నెలకొనిన ఆంధ్ర జాతీయ కళాశాల మొదలగు వానికి ఇట్టి బాధ లేదు. వాని స్థానము, కాలము రెండును తెలిసినవే.

ఇంతకును ఈ పని అన్ని పాఠశాలలలోను ఏల సాగుట లేదనిన, కంప్యూటర్లు లేక మాత్రము కాదు. పరీక్షలో మార్కులు రాని పనికి ఆదివారము నిచ్చు ఉపాధ్యాయుడు, ఎండలో తిరుగనిచ్చు తల్లిదండ్రులు అరుదు. చరిత్ర మాస్టారు కంప్యూటరు గదికి పోడు, కంప్యూటరు మాస్టారు కోటగోడలను చూడడు. ఇద్దరును ఒక్కనాడు కలిసి పిల్లలను వెంటబెట్టుకొని నడిచినచో సగము పని అయినట్లే.

ప్రపంచపటములో మన ఊళ్ల పేర్లు పెక్కు ఇంగ్లీషు లిపిలోనే, అదియు తప్పుగా, కనబడుచున్నవి. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో ప్రతి స్థలమునకు తెలుగు పేరును వేరుగ వ్రాయు గడి ఒకటి కలదు. అది ఖాళీగా నున్న తావులు కొల్లలు. ఈ వ్యాసము చదివిన ఉపాధ్యాయులు వచ్చు సెలవులలో ముందుగా తమ పాఠశాల వీథితో మొదలిడి, పిల్లలచేత ఆ గడిని నింపింపుడు.